కుక్క కుంటిన సంగతి ఫారంలో రాయాలా?

ప్రశ్న: మా ఇంట్లో నాలుగేళ్ల లాబ్రడార్ కుక్క, రెండేళ్ల గండుపిల్లి ఉన్నాయి. రెండింటికీ ఇన్సూరెన్స్ చేయిద్దామని రెండు కంపెనీల పాలసీ కాగితాలు తెప్పించుకున్నాం. ఒకదాని ప్రీమియం తక్కువ, రెండోది దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. తక్కువదే చాలంటారు మావారు. పోయిన ఏడాది కుక్క కొన్నాళ్లు వెనక కాలు కుంటింది. డాక్టర్ మందులిస్తే తగ్గిపోయింది. "తగ్గిపోయిందిగా, అదంతా ఫారంలో రాయక్కర్లేదు" అంటున్నాడు ఏజెంటు. రాయకపోతే తర్వాత ఇబ్బంది వస్తుందా? రెండు పాలసీల్లో ఏది మేలో ఎలా తేల్చుకోవాలి? పాలసీ ఎవరి పేరు మీద ఉండాలి? కుక్క ఎవరినైనా కరిస్తే ఆ ఖర్చు కంపెనీ భరిస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: కుంటిన సంగతి రాయండమ్మా. ఎప్పుడు చూపించారు, ఏ కాలు, ఏం మందులిచ్చారు, ఎన్నాళ్లకు తగ్గింది, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. మీరు రాసినా రాయకపోయినా అది డాక్టర్ గారి రికార్డులో ఎప్పుడో నమోదైపోయింది. పెద్ద క్లెయిమ్ ఏది వచ్చినా కంపెనీ ముందు అడిగేది పాత వైద్యం కాగితాలే. అందులో ఎక్కడో "వెనక కుడి కాలు కుంటు, మోకాలి దగ్గర నొక్కితే నొప్పి, మాత్రలు, విశ్రాంతి" అని ఒకటిన్నర లైను ఉంటుంది. రేపు ఆ మోకాలి లిగమెంటే (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగి ఆపరేషన్ దాకా వెళ్తే క్లెయిమ్ తిరగ్గొట్టడానికి ఆ ఒకటిన్నర లైను చాలు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి కుక్కల్లో తుంటి కీలు, మోకాలి లిగమెంటు సమస్యలు ఎక్కువని వాళ్లకూ తెలుసు కాబట్టి వాళ్ల చూపు ముందు అటే పోతుంది.

ఇంకో చిక్కు దీనికన్నా పెద్దది. "గతంలో జబ్బుకు గాని గాయానికి గాని చికిత్స జరిగిందా?" అన్న ప్రశ్న ప్రపోజల్ ఫారంలో మామూలుగా ఉండేదే. అక్కడ 'లేదు' అని టిక్ పెడితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. అప్పుడు కాలి క్లెయిముతో ఆగకుండా పాలసీ మొత్తం చెల్లదనడానికి కంపెనీకి సందు దొరుకుతుంది. కుక్క సాక్సు మింగి పేగుకు అడ్డం పడిందనుకోండి. దానికీ కాలికీ సంబంధం లేకపోయినా ఆ క్లెయిమ్ కూడా పేచీలో పడొచ్చు. ఏజెంటు చెప్పాడండీ అంటే నిలవడం కష్టం. ఫారం నింపింది అతనైనా కింద సంతకం మీది. అతనికి అంత ధీమా ఉంటే "ఇది రాయక్కర్లేదని కంపెనీ నుంచి మెయిల్ పెట్టించండి" అని అడిగి చూడండి. నా అనుభవంలో ఆ మెయిల్ రాదు.

ఇన్సూరెన్స్ ఒప్పందంలో ఇరుపక్షాలూ దాపరికం లేకుండా ఉండాలన్న సూత్రం పాతదే. 1766లో ఇంగ్లండ్‌లో కార్టర్, బోమ్ అనే ఇద్దరి మధ్య నడిచిన దావాలో జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని స్పష్టంగా చెప్పాడు. తమాషా ఏమిటంటే ఆ కేసులో గెలిచింది పాలసీదారే. సుమత్రాలోని ఒక కోట శత్రువుల చేతికి పోతుందేమోనని తీసుకున్న పాలసీ అది. ఇన్సూరెన్స్ ఇచ్చినాయనకు తెలిసిన, తెలిసి ఉండాల్సిన విషయాలను పాలసీదారు దాచాడనడం కుదరదని తీర్పు. బ్రిటన్‌లో 2012లో వచ్చిన చట్టం మామూలు వినియోగదారుల మీద ఈ భారం ఇంకా తగ్గించింది. అడిగినదానికి తగినంత జాగ్రత్తగా, తప్పు లేకుండా జవాబు చెబితే చాలు. ఈ వెసులుబాటు అన్ని దేశాల్లోనూ ఉండదు. మీ విషయంలో తేడా కూడా రాదు, ఎందుకంటే ప్రశ్న ఫారంలో నేరుగానే ఉంటుంది.

రాస్తే ఏమవుతుంది? కంపెనీ ఆ కాలిని మినహాయించి పాలసీ ఇవ్వొచ్చు, ప్రీమియం కాస్త పెంచొచ్చు, డాక్టర్ సర్టిఫికెట్ చూసి మామూలుగానే ఇవ్వొచ్చు. నయమయ్యే సమస్య అయితే, ఫలానా కాలం పాటు లక్షణాలు మళ్లీ కనిపించకపోతే పాత జబ్బుగా లెక్కించబోమనే పాలసీలూ కొన్ని ఉన్నాయి. కాలిని మినహాయించినా మిగతా ఒంటికి గట్టి పాలసీ చేతిలో ఉంటుంది.

ఇక ఏది తీసుకోవాలన్నది. ప్రీమియం పట్టిక చివర్లో చూడండి. ముందు తెరవాల్సింది నిర్వచనాల పేజీ. అందులో 'ముందునుంచీ ఉన్న జబ్బు' అంటే ఏమిటని రాశారో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకదానిలో "పాలసీ మొదలయ్యే ముందు వైద్యుడు నిర్ధారించిన లేదా చికిత్స చేసిన జబ్బు" అని ఉండొచ్చు. ఇంకోదానిలో "నిర్ధారణ అయినా కాకపోయినా, లక్షణాలు కనిపించిన ఏ సమస్యయినా" అని ఉండొచ్చు. పైకి ఒకేలా ఉన్నా రెండోది చాలా వెడల్పాటి వల. మీ కుక్కకు అప్పట్లో ఎవరూ లిగమెంటు జబ్బని చెప్పలేదు. మొదటి మాటల ప్రకారమైతే 'చికిత్స జరిగింది కుంటుకు, లిగమెంటు జబ్బుకు కాదు' అని వాదించడానికి చోటుంది. రాసిన మాటలకు రెండర్థాలు వస్తే రాసినవాడికి వ్యతిరేకంగా అర్థం చెప్పాలన్నది కోర్టులు ఎన్నాళ్ల నుంచో పాటిస్తున్న పద్ధతి. రెండో రకం మాటల్లో సందేహమే లేదు కాబట్టి ఆ పద్ధతి అక్కడ మీకు పనికిరాదు.

అదే పేజీలోనో మినహాయింపుల్లోనో 'రెండు పక్కల' షరతు ఉందేమో చూడండి. ఒక పక్క మోకాలికో తుంటికో పాలసీకి ముందే సమస్య ఉంటే, తర్వాత రెండో పక్క వచ్చినా పాతదిగానే లెక్కిస్తామని దాని అర్థం. మీ ఇంట్లో ఇదే ముఖ్యం. ఎడమ కాలు నిక్షేపంగా ఉన్నా కుడి కాలి పాపం దానికీ చుట్టుకుంటుంది. పుట్టుకతో వచ్చేవి, వంశపారంపర్యంగా వచ్చేవి కవర్ చేస్తారా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. జాతి కుక్కకు పాలసీ తీసుకుంటూ వంశపారంపర్య జబ్బులు వద్దనుకుంటే సగం పాలసీ తీసుకున్నట్టే.

రెండోది, ఒక జబ్బుకు ఎన్నాళ్లు డబ్బిస్తారు? తక్కువ ప్రీమియం గుట్టు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. కొన్ని పాలసీల్లో ఒక్కో జబ్బుకు 12 నెలలే గడువు. ఆ తర్వాత అది పాత జబ్బుల జాబితాలోకి పోతుంది. కొన్నింటిలో గడువు ఉండదు గానీ ఒక్కో జబ్బుకు ఇంతని మొత్తం పరిమితి ఉంటుంది, అది అయిపోతే ఇక లేదు. ఇంకొన్నింటిలో రిన్యూవల్ చేసిన ప్రతిసారీ పరిమితి మళ్లీ నిండుతుంది. ఎముక విరిగితే మూడింటికీ పెద్ద తేడా తెలియదు. అదే పిల్లికి షుగర్ వచ్చిందనుకోండి, ఇన్సులిన్, రక్త పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి. మొదటి రకం పాలసీ ఏడాది తిరిగేసరికి చేతులెత్తేస్తుంది. అప్పుడు కంపెనీ మారదామన్నా కొత్త కంపెనీకి ఆ షుగర్ పాత జబ్బే. మనుషుల హెల్త్ పాలసీ మార్చుకున్నంత తేలిక కాదు ఇది, అందుకే మొదటి ఎంపికకే ఇంత టెన్షన్ పడమంటున్నాను. గండుపిల్లులకు మూత్రనాళం మూసుకుపోయే సమస్య ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది, ఒకసారి వస్తే మళ్లీ మళ్లీ రావొచ్చు. మీ పిల్లికి మూడో రకం పాలసీ తప్ప మిగతావి నేను సలహా ఇవ్వను. ప్రీమియం ఒకటిన్నర రెట్లున్నది ఆ రకమైతే మీవారికి ఈ పేరా చూపించండి.

రిన్యూవల్ నిబంధన కూడా అప్పుడే చదవండి. చాలా పాలసీలు ఏడాది ఒప్పందాలు. వయసు పెరిగే కొద్దీ ప్రీమియం పెరగడం మామూలే. ఫలానా వయసు దాటితే కో-పే (బిల్లులో ఇంత శాతం మీరే భరించడం) తప్పనిసరనో, రిన్యూవల్ చేయమనో ఉంటే అది ఇప్పుడే తెలియాలి. కుక్కకు జబ్బులు ముసిరేదే ఆ వయసులో.

డిడక్టిబుల్ (బిల్లులో మీరే పెట్టుకోవాల్సిన నిర్ణీత మొత్తం), కో-పే రెండూ ఉంటే ఏది ముందు తీసేస్తారో అడగండి. బిల్లు 100 అనుకుందాం. డిడక్టిబుల్ 20, కో-పే 20 శాతం. ముందు డిడక్టిబుల్ తీసేస్తే మిగిలిన 80లో మీకొచ్చేది 64. ముందు కో-పే తీసేస్తే 80 మిగిలి, అందులో డిడక్టిబుల్ పోను 60. డిడక్టిబుల్ ఎంత పెద్దదైతే ఈ తేడా అంత ఎక్కువ. టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, పళ్లు శుభ్రం చేయించడం సాధారణంగా కవర్ కావు, వాటికోసం వెతుక్కోవద్దు. టీకాలు సమయానికి వేయించాలన్న షరతు మాత్రం ఉంటుంది. టీకా వేయించకుండా కుక్కకు పార్వో (ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) వస్తే క్లెయిమ్ రావడం కష్టం.

వెయిటింగ్ పీరియడ్ (పాలసీ మొదలయ్యాక క్లెయిమ్ ఇవ్వకుండా ఆగే కాలం) విషయంలో కొలబద్దగా ఒకటి చెబుతాను. అమెరికాలో రాష్ట్రాల బీమా నియంత్రణాధికారుల సంఘం 2022లో పెంపుడు జంతువుల ఇన్సూరెన్స్ కోసం ఒక నమూనా చట్టం ఆమోదించింది. అందులో జబ్బులకు వెయిటింగ్ 30 రోజులు మించకూడదు, ప్రమాదాలకు అసలు ఉండకూడదు. జబ్బు పాతదని కంపెనీ అంటే దాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత కంపెనీదే. ఆ చట్టం మీకు వర్తించినా వర్తించకపోయినా, మీ చేతిలోని పాలసీ దానికి ఎంత దూరంలో ఉందో చూస్తే కంపెనీ తీరు తెలుస్తుంది. వెయిటింగ్‌లో ఉండగా కనిపించిన లక్షణం కూడా పాత జబ్బు కిందే పోవచ్చు. పాలసీ తీసుకునే ముందే డాక్టర్ చేత రెండింటినీ నిండుగా పరీక్ష చేయించి, ఆ రోజు కాలు బాగానే ఉందని రాయించి పెట్టుకోండి. కుంటు గురించి వాదన వస్తే మీకు అక్కరకొచ్చే కాగితం అదే.

పేరు విషయం తేలిక. చట్టం దృష్టిలో కుక్కా పిల్లీ చాలా చోట్ల ఆస్తి కిందికే వస్తాయి, మనకు బిడ్డల్లాంటివే అయినా. ఆస్తి ఎవరిదో వాళ్ల పేరు మీదే పాలసీ ఉండాలి. కొన్న రసీదు, దత్తత కాగితం, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నమోదు, డాక్టర్ దగ్గరి కార్డు, వీటన్నింటిలో ఒకే పేరు ఉంటే గొడవ లేదు. బిల్లు మీ పేరున, పాలసీ మీవారి పేరున ఉంటే క్లెయిమ్ ఆగొచ్చు. పిల్లి వీధిలోంచి ఇంటికొచ్చిందైతే కాగితమేదీ ఉండదు కాబట్టి చిప్ వేయించి మీ పేరున నమోదు చేయించండి.

కరిస్తే? వైద్య ఖర్చుల పాలసీలో అది దానంతట అది ఉండదు. 'థర్డ్ పార్టీ బాధ్యత' (బయటివాళ్లకు జరిగిన నష్టానికి పరిహారం) అని విడిగా రాసి ఉండాలి. ఉన్నా, మీ ఇంట్లోవాళ్లనో పనివాళ్లనో కరిస్తే వర్తించదని, ఇదివరకు కరిచిన కుక్కయితే వర్తించదని మినహాయింపులుంటాయి. కరిచే అలవాటుందని తెలిసీ వదిలేసిన యజమానిని కోర్టులు కూడా తేలిగ్గా వదలవు. ఇంకో షరతు చాలామంది చదవరు: కంపెనీకి చెప్పకుండా తప్పు ఒప్పుకోకూడదు, పరిహారం మాట్లాడుకోకూడదు. గాయపడ్డ మనిషిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, కుక్క రేబీస్ టీకా కార్డు అక్కడి డాక్టర్‌కు చూపించండి. అలా సాయం చేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఖర్చంతా మాదేనని కాగితం మీద రాసిమ్మంటే మాత్రం, కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేశాకే ఆ సంగతి మాట్లాడదామని చెప్పండి.