ఇంట్లో బీరు చేసేటప్పుడు లిక్విడ్ ఈస్ట్‌కు స్టార్టర్ (ముందే కొద్ది రసంలో పెంచుకునే ఈస్ట్) ఎందుకు? ప్యాకెట్ నేరుగా బీరు రసంలో (బీరుగా పులియబెట్టే తియ్యటి మాల్ట్ నీళ్లలో) పోస్తే సరిపోదా?

మా నల్లగొండ దిక్కు తాటిచెట్టుకు కట్టే లొట్టిని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పాత లొట్టి లోపల నిన్నటి కల్లు మడ్డి తెల్లగా అంటుకుని ఉంటుంది. అందులో ఈస్ట్ బతికే ఉంటుంది కాబట్టి తియ్యటి నీరా పడగానే పులియడం మొదలవుతుంది. పులియొద్దనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు.

స్టార్టర్ కూడా ఆ మడ్డి లాంటిదే. చాలా ప్యాకెట్లలో తాజాగా ఉన్నప్పుడు సుమారు 10,000 కోట్ల ఈస్ట్ కణాలుంటాయి. రోజులు గడిచినకొద్దీ, వేడి తగిలినకొద్దీ అవి చచ్చిపోతుంటాయి. మే నెలలో మన ఎండకు పార్శిల్ బండిలో తిరిగిన ప్యాకెట్‌ను నేనైతే అస్సలు నమ్మను. 20 లీటర్ల రసానికి ఈస్ట్ చాలకపోతే పులియడం ఆలస్యమవుతుంది, ఈలోపు వేరే సూక్ష్మజీవులు చేరతాయి.

లీటరు నీళ్లలో 100 గ్రాముల పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం పొడి) కలిపి 10-15 నిమిషాలు మరిగించండి. 20-25 డిగ్రీలకు చల్లారాక శుభ్రమైన సీసాలో పోసి ఈస్ట్ కలపండి. మూత బిగించొద్దు, గ్యాస్‌కు సీసా పగులుతుంది. ఫాయిల్ వదులుగా కప్పితే చాలు. గుర్తొచ్చినప్పుడల్లా సీసాను గుండ్రంగా తిప్పుతుండండి. 24-48 గంటల తర్వాత ఫ్రిజ్‌లో పెడితే అడుగున మీగడ రంగు మడ్డి పేరుకుంటుంది. పైతేట వంపేసి అది మాత్రమే వాడండి. మాల్ట్‌కు బదులు చక్కెర నీళ్లు పనికిరావు, వాటిలో ఈస్ట్‌కు కావాల్సిన పోషకాలుండవు.

డ్రై ఈస్ట్‌కైతే మామూలుగా ఈ పని అక్కర్లేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఇక్కడ నేరం, కాబట్టి ఇదంతా అనుమతి ఉన్న దేశాల్లో చేసుకునేవారికే.