సముద్రం లేని నల్లగొండలో ఉండి సముద్రానికి సెన్సర్లు చేయొచ్చా?

అడిగింది ఇది: నల్లగొండలో ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను, సముద్రంలో తమంతట తామే తిరుగుతూ పీహెచ్, ఆక్సిజన్, నాచు లాంటివి కొలిచే సెన్సర్ల మీద పనిచేయాలని ఉంది, ఆన్‌లైన్‌లో కొన్న పీహెచ్ ప్రోబ్‌ని ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపి ప్రాజెక్ట్ చేశాను, బాగానే చూపిస్తోంది, కానీ సముద్రమే లేని చోట ఉన్నవాడికి ఈ ఫీల్డ్ కుదురుతుందా, ఇంకేం నేర్చుకోవాలి?

కుదురుతుంది తమ్ముడూ. మాది దేవరకొండ దగ్గర పల్లె. కెమిస్ట్రీలో ఎంఎస్సీ అయ్యాక హైదరాబాద్‌లో నీటి మీటర్లు చేసే చిన్న కంపెనీలో చేరి, అక్కడి నుంచి సముద్రంలో వేసే పరికరాల క్యాలిబ్రేషన్ పనిలోకి, అంటే రీడింగుని తెలిసిన విలువతో పోల్చి సరిచేసే పనిలోకి వచ్చాను. ఈ పనిలో ఓడ ఎక్కేది తక్కువ. ఎక్కువ సమయం ల్యాబ్‌లో, ఉప్పునీళ్ల తొట్టి ముందు గడుస్తుంది. ఆ తొట్టి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. సముద్రపు పీహెచ్ కొలిచే సెన్సర్ల కోసం పెట్టిన ఎక్స్‌ప్రైజ్ పోటీ 2015లో ముగిసింది, మొత్తం బహుమతి 20 లక్షల డాలర్లు. కచ్చితత్వానికి ఒక విభాగం, తక్కువ ధరకి ఇంకో విభాగం. రెండింట్లోనూ మొదటి బహుమతి కొట్టింది సన్‌బర్స్ట్ సెన్సర్స్ అనే చిన్న కంపెనీ. వాళ్ల ఊరు మిస్సూలా, అమెరికాలో మోంటానా రాష్ట్రంలో రాకీ కొండల మధ్య ఉంటుంది, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. నీకు గుంటూరు రైలెక్కితే బాపట్ల ఒక పూట ప్రయాణం.

ఇక నీ ప్రోబ్ సంగతి. నువ్వు కొన్నలాంటి ప్రోబ్‌ల మీద సాధారణంగా ప్లస్ ఆర్ మైనస్ 0.1 అని రాసి ఉంటుంది. పారిశ్రామిక యుగానికి ముందు సముద్రం పైపొర పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు సుమారు 8.1. అంటే ఇన్నేళ్లుగా మనుషులు కాల్చిన బొగ్గు, పెట్రోలు కలిసి సముద్రంలో తెచ్చిన మార్పంతా నీ ప్రోబ్ తప్పు చూపించే పరిధిలోనే దాక్కుంటుంది. పీహెచ్ లాగరిథమ్ స్కేలు కాబట్టి 0.1 చిన్నగా కనిపిస్తుంది గానీ హైడ్రోజన్ అయాన్లు దాదాపు 30 శాతం పెరిగినట్టు లెక్క. ఏడాదికి మారేది 0.002 దరిదాపు. అందుకే సముద్ర ఆమ్లీకరణని గమనించే అంతర్జాతీయ నెట్‌వర్క్ రెండు గీతలు గీసుకుంది: సీజన్‌లో, రోజులో వచ్చే మార్పులు చూడాలంటే 0.02 లోపు తేడాతో కొలవాలి, దశాబ్దాల మార్పు చూడాలంటే 0.003 లోపు. నీ బోర్డు, నీ కోడ్ ఎంత బాగున్నా ఆ గీత దాటించేది క్యాలిబ్రేషనే.

ఇంకో చిక్కుంది. నువ్వు 4, 7, 10 బఫర్లతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో సెట్ చేసి ఉంటావు. వాటిలో ఉప్పు తక్కువ. సముద్రపు నీళ్లు కిలోకి సుమారు 35 గ్రాముల ఉప్పుతో ఉంటాయి, ప్రోబ్‌లో రెఫరెన్స్ ఎలక్ట్రోడ్ దగ్గర ఉప్పు మారగానే వోల్టేజీ కూడా జరుగుతుంది. కాబట్టి సముద్రం పనికి ల్యాబ్‌లో ఉప్పునీళ్లు కలిపి తయారుచేసిన ట్రిస్ బఫర్ వాడతారు. మిస్సూలా వాళ్లయితే ఎలక్ట్రోడ్‌నే పక్కన పెట్టి, పీహెచ్‌ని బట్టి రంగు మారే మెటా క్రెసాల్ పర్పుల్ అనే రంగుని ప్రతి శాంపిల్‌లో కలిపి, దాని గుండా కాంతి పంపి చదువుతారు. రెండు వేవ్‌లెంగ్త్‌ల మధ్య నిష్పత్తి చూస్తారు గనక డ్రిఫ్ట్ బాధ, అంటే రోజులు గడిచేకొద్దీ రీడింగ్ పక్కకి జరిగిపోయే బాధ చాలా తగ్గుతుంది. దానికి బదులు పంపులు, రంగు సంచీ, ట్యూబులు అన్నీ మోయాలి. ఈ ఫీల్డ్‌లో ప్రతి డిజైన్ ఇలాంటి బేరమే. రసాయనం కలిపితే నమ్మకం పెరుగుతుంది, బరువూ బ్యాటరీ ఖర్చూ పెరుగుతాయి.

ఇదంతా ఎందుకు అని ఇంట్లో అడిగితే నేను మా ఊరి బోరు గురించే చెప్తాను. మా చిన్నప్పుడు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కాగితం మీద ఒక అంకె ఉండేది, ఎవరో ఎప్పుడో ఒక సీసా పట్టుకెళ్లి పరీక్ష చేయించి ఇచ్చిన అంకె. ఎండాకాలంలో నీళ్లు అడుక్కి పోయినప్పుడు ఎంతుంది, వానలు పడ్డాక ఎంతుంది, ఎవరికీ తెలియదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు చూసి పెరిగిన మనకి, కంటికి కనపడనిదాన్ని ఒక్కసారి కొలిచి వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వాడేటప్పుడు కూడా ప్రతి శాంపిల్‌లో ముందు ఒక బఫర్ కలపాలి, లేకపోతే అల్యూమినియం లాంటివి ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని రీడింగ్ తక్కువ చూపిస్తాయి. అందుకే బోరు దగ్గర పెట్టి వదిలేసే ఫ్లోరైడ్ మీటర్ అంత తేలిక కాదు. ఆసక్తి ఉంటే ఆలోచించు, మన జిల్లాకి ఇంతకన్నా పనికొచ్చే ప్రాజెక్ట్ నాకు తోచదు. 

సముద్రానిదీ చాలాకాలం మా బోరు పరిస్థితే. ఓడ వెళ్లిన దారిలో, వెళ్లిన నెలలో, సీసాల్లో పట్టిన నీళ్లే లెక్క. అంటార్కిటికా చుట్టూ చలికాలంలో తుపాన్ల మధ్యకి ఓడలు వెళ్లేదే తక్కువ. 2014లో మొదలైన సాకమ్ ప్రాజెక్టులో పీహెచ్ సెన్సర్లున్న ఫ్లోట్లని అక్కడ వదిలాకే, ఆ సముద్రంలో కొన్ని చోట్ల చలికాలంలో కార్బన్ డయాక్సైడ్ అనుకున్నదానికంటే ఎక్కువగా బయటికి వస్తోందని బయటపడింది.

ఫ్లోట్ అంటే మనిషంత పొడవుండే గొట్టం. లోపలి నూనెని బయట ఉన్న సంచీలోకి పంపి పైకి తేలుతుంది, వెనక్కి లాక్కుని మునుగుతుంది. ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమం వాళ్ల ఫ్లోట్ మామూలుగా 1000 మీటర్ల లోతులో ప్రవాహంతో కొట్టుకుపోతూ ఉండి, 10 రోజులకోసారి 2000 మీటర్లకి దిగి, అక్కడి నుంచి కొలుచుకుంటూ పైకి వచ్చి, శాటిలైట్‌కి డేటా పంపి మళ్లీ మునుగుతుంది. ప్రపంచమంతా దాదాపు 4000 ఉన్నాయి. వీటిలో రసాయనం, జీవం కూడా కొలిచేవాటిని బీజీసీ ఆర్గో అంటారు, అవి ఆరింటిని కొలుస్తాయి: ఆక్సిజన్, నైట్రేట్, పీహెచ్, క్లోరోఫిల్, నీళ్లలో తేలే రేణువులు, లోపలికి దిగే వెలుతురు. 2000 మీటర్ల దగ్గర పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 200 రెట్లు, అంటే గోరంత చోట మీద రెండు వందల కిలోల బరువు. నీళ్లు చొరబడకుండా వేసే రబ్బరు ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. ఈసీఈ వాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది ఈ భాగమే, కనెక్టర్లు, సీళ్లు, హౌసింగ్. మెకానికల్ ఫ్రెండ్ ఒకడిని ఇప్పుడే కలుపుకో.

ఒకసారి వదిలాక ఫ్లోట్‌ని మామూలుగా మళ్లీ చేతిలోకి తీసుకోం. నాలుగైదేళ్లు అది చెప్పిందే వినాలి. గోడ గడియారం రోజుకి కొంచెం వెనకబడితే పక్కింటి గడియారం చూసి సరిచేస్తాం, నడి సముద్రంలో పక్కిల్లు లేదు. అందుకే ఈ ఫీల్డ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన తెలివి ఆక్సిజన్ సెన్సర్‌ది. ఆప్టోడ్ అనే ఈ సెన్సర్‌లో ఒక పలుచని పొర మీద వెలుతురు వేస్తే అది మెరుస్తుంది, ఆక్సిజన్ ఎక్కువుంటే మెరుపు తొందరగా ఆరిపోతుంది, ఆ ఆరే తీరుని బట్టి లెక్క. ఇబ్బంది ఏంటంటే వాడకుండా పెట్టెలో పెట్టినా దీని సున్నితత్వం ఏడాదికి కొన్ని శాతం తగ్గుతుంది. దానికి ఫ్లోట్లు తయారుచేసేవాళ్లు చేసిన పని, సెన్సర్‌ని ఫ్లోట్ తలపైన చిన్న కాడ మీద నిలబెట్టడం. పైకి తేలినప్పుడల్లా అది కాసేపు గాలిలో ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 20.95 శాతమే, ఆ రోజు అక్కడి గాలి పీడనం వాతావరణ డేటాలో దొరుకుతుంది. అంటే తేలిన ప్రతిసారీ క్యాలిబ్రేషన్ తనంతట తానే అయిపోతుంది! పీహెచ్‌కి, నైట్రేట్‌కి ఈ సౌకర్యం లేదు, కాబట్టి లోతులో, మార్పు చాలా నెమ్మదిగా జరిగే నీళ్లని కొలబద్దగా పెట్టుకుని సరిచేస్తారు. నువ్వు ఏ సెన్సర్ మొదలుపెట్టినా కాగితం మీద ముందు రాయాల్సింది ఇదే: ఎవరూ దగ్గర లేనప్పుడు ఇది తప్పు చూపిస్తోందని దేన్నిబట్టి తెలుస్తుంది?

తీరం దగ్గర ఇంకో బాధ. ఫ్లోట్లు ఎక్కువ సమయం చీకట్లో, చల్లటి లోతులో ఉంటాయి కాబట్టి పాచి అంతగా పట్టదు. బోయ్‌కి, అంటే లంగరేసి నీళ్ల మీద తేలేలా ఉంచే బుడ్డికి కట్టిన సెన్సర్‌కి పడుతుంది. అలా కొన్ని వారాలు తీరంలో ఉండి వచ్చిన క్లోరోఫిల్ సెన్సర్ ఒకటి నా బల్ల మీదకి వచ్చింది. గాజు కిటికీ మీద గోధుమరంగు జిగురు పొర, దాని మీద ఆకుపచ్చ నాచు, స్క్రూల చుట్టూ తెల్లటి గట్టి గుల్లలు, చాకుతో గీకితే గానీ ఊడలేదు. దాని డేటా తీసి చూస్తే క్లోరోఫిల్ రోజురోజుకీ మెల్లగా, చాలా అందంగా పెరుగుతూ ఉంది. తెలియనివాళ్లు చూస్తే సముద్రంలో నాచు విపరీతంగా పెరిగిందని రిపోర్ట్ రాసేస్తారు. పెరిగింది సముద్రంలో కాదు, కిటికీ మీద. దీనికోసం రాగి రేకు, రాగి మూతలు, చిన్న వైపర్లు, అల్ట్రావయొలెట్ ఎల్ఈడీలు వాడతారు, అన్నీ కరెంటు తాగేవే, రాగి రేకు తప్ప.

జీవం కొలవడం రసాయనం కంటే కష్టం అని నా అభిప్రాయం. క్లోరోఫిల్ సెన్సర్ నీలి కాంతి వేసి, తిరిగొచ్చే ఎర్ర కాంతిని చూస్తుంది. మిట్టమధ్యాహ్నం పైపొరలో నాచు తనని తాను ఎండ నుంచి కాపాడుకోవడానికి శక్తిని వేరే దారిలో వదిలేస్తుంది, అప్పుడు మెరుపు తగ్గుతుంది, సెన్సర్ బాగున్నా అంకె తక్కువ వస్తుంది. నాచు ఏ జాతిదో చెప్పడం ఇంకా పెద్ద పని. అమెరికాలో వుడ్స్ హోల్ వాళ్లు చేసిన ఇమేజింగ్ ఫ్లో సైటోబాట్ నీళ్లలోని ఒక్కో కణాన్నీ ఫోటో తీస్తుంది. 2008లో టెక్సాస్ తీరంలో డైనోఫిసిస్ అనే విషపు నాచు పెరగడాన్ని అదే పట్టుకుంది, ఎవరూ జబ్బు పడకముందే అక్కడ ఆయిస్టర్లు పట్టడం ఆపించారు. ఇమేజ్ ప్రాసెసింగ్ వైపు మనసుంటే అటు వెళ్లు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. పానగల్ ఉదయసముద్రమో, మీ ఊరి చెరువో ఎంచుకో. మత్స్యకారుల సొసైటీ వాళ్లకి ముందే చెప్పు, ఎండాకాలం తెల్లారేసరికి చేపలు ఎందుకు తేలుతున్నాయో వాళ్లకీ కావాలి. నాచు రాత్రంతా ఊపిరి పీల్చి ఆక్సిజన్ వాడేస్తుంది, అందుకే పచ్చగా ఉన్న చెరువులో తెల్లవారుజామున లీటరుకి 2 మిల్లీగ్రాముల కిందకి పడిపోవచ్చు, మధ్యాహ్నం అదే చెరువులో గాలితో సరితూగే మోతాదుని దాటిపోతుంది. 30 డిగ్రీల దగ్గర ఆ మోతాదు సుమారు 7.5 మిల్లీగ్రాములు. ఒక ఆక్సిజన్ సెన్సర్ పెట్టి వదిలేయ్, పక్కనే వింక్లర్ పద్ధతిలో చేత్తో కూడా కొలువు. 1888 నాటి పద్ధతి, ఈరోజుకీ ఓడల మీద సెన్సర్లని సరిచూసేది దీంతోనే. బుడగ ఒక్కటి కూడా లేకుండా సీసా నింపాలి, మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన అయొడైడ్ వేస్తే గోధుమరంగు మడ్డి పడుతుంది, ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉంటుంది. మడ్డి దిగాక యాసిడ్ వేస్తే పసుపు ద్రవం అవుతుంది, థయోసల్ఫేట్ చుక్క చుక్కగా వదులుతూ రంగు ఎండుగడ్డిలా లేత పసుపుకి పలచబడ్డాక స్టార్చ్ వేయి, నీలం వస్తుంది, ఆ నీలం మాయమైన చుక్క దగ్గర ఆపు, ఎంత థయోసల్ఫేట్ పట్టిందో దాన్నిబట్టి ఆక్సిజన్ లెక్క. సెన్సర్ అంకె, సీసా అంకె పక్కపక్కన తేదీలతో రాసుకుంటూ పోతే పాచి పట్టడం, డ్రిఫ్ట్ అన్నీ నీ కళ్ల ముందే కనిపిస్తాయి. సెన్సర్ సున్నా చూడ్డానికి సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లు, పై అంకెకి తడిగాలి చాలు.

దీంతోపాటు ఆర్గో డేటా డౌన్‌లోడ్ చేసుకో, ఎవరికైనా ఉచితం, పైథాన్‌తో తెరుచుకుంటుంది. అరేబియా సముద్రంలోని ఒక బీజీసీ ఫ్లోట్ తీసి ఆక్సిజన్ గీత గీస్తే సుమారు 150 నుంచి 1000 మీటర్ల మధ్య దాదాపు ఏమీ లేకుండా పోతుంది, చూశాక నీకే ప్రశ్నలు పుడతాయి. అదే ఫ్లోట్ వచ్చిన వెంటనే పంపిన డేటా, తర్వాత సరిచేసిన డేటా రెండూ ఉంటాయి, తేడా చూడు. మన దేశపు ఆర్గో డేటా కేంద్రం హైదరాబాద్ ప్రగతినగర్ దగ్గరి ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రంలోనే ఉంది, సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ వాళ్లే, విశాఖ, కొచ్చి తీరాల్లో నీటి నాణ్యత కొలిచే బోయ్‌లు కూడా వాళ్లవే. పరికరాలు తయారుచేసే వైపు అయితే చెన్నైలో ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), రసాయనం, జీవం వైపు అయితే గోవాలో ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ), దానికి విశాఖలో కేంద్రం ఉంది. ముగ్గురి వెబ్‌సైట్లలోనూ నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. ఇంటర్వ్యూలో చెరువు రీడింగుల పుస్తకం బల్ల మీద పెట్టగలిగితే, ఆర్డునో సర్టిఫికెట్ల కంటే దానికే ఎక్కువ విలువ ఉంటుంది, నేను ఇంటర్వ్యూ చేసినా అదే చూస్తాను.

వింక్లర్ రసాయనాలకి డబ్బు పెట్టకు, ఏదైనా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉంటాయి, ల్యాబ్ అసిస్టెంట్‌ని మర్యాదగా అడిగితే టైట్రేషన్ కూడా దగ్గరుండి నేర్పిస్తారు. మొదటి రీడింగులు వచ్చాక ఇక్కడే పెట్టు, సెన్సర్‌కీ సీసాకీ తేడా ఎంత వస్తోందో చూసి తర్వాత ఏం మార్చాలో చెప్తాను.