పంట నష్టం సొమ్ము ముందు ఎవరికి కట్టాలి?

ప్రశ్న: మాది దివిసీమ. సొంతం నాలుగెకరాలు, కౌలుకు మూడెకరాలు వరి వేశాం. తుఫానుకు చేను మొత్తం పడిపోయింది. సొంత పొలానికి ఇన్‌పుట్ సబ్సిడీ 40 వేలు మా ఆయన ఖాతాలో పడింది, కౌలు పొలానికి రాలేదు. బ్యాంకులో పంట రుణం లక్షన్నర ఉంది, మార్చిలో కట్టాలి. బయట మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాం. తమ్ముడేమో ఆ 40 వేలతో చీటీ వేయమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ మాట పక్కన పెట్టండమ్మా. మూడు రూపాయల వడ్డీ నెత్తిన పెట్టుకుని చీటీ కట్టడం దండగ.

ఈ 40 వేలు పోయిన పంటకు ఖరీదు కాదు, మళ్లీ సాగుకు దిగడానికి ఇచ్చే ఆసరా. కేంద్రం నిబంధనల ప్రకారం పంట 33 శాతం పైన పోతే నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17 వేలు, అదీ రెండు హెక్టార్ల వరకే. 2024 సెప్టెంబరు వరదలప్పుడు రాష్ట్రం వరికి హెక్టారుకు 25 వేలు ఇచ్చింది. మీకు పడింది కూడా ఆ లెక్కే. ఎకరానికి పది వేలతో వరి పెట్టుబడి ఎటూ పూడదు. కాబట్టి ముందు మినుము విత్తనానికి, మందులకు 15 వేలు తీసి పెట్టండి. నేలలో పదును ఆరకముందే చల్లాలి కదా, అది ఆగితే ఈ ఏడు రెండో పంట కూడా పోతుంది.

మిగతా 25 వేలు బయటి అప్పుకు కట్టండి. దాని వడ్డీ నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. బ్యాంకు లక్షన్నరకు 7 శాతం చొప్పున ఏడాదికి పదిన్నర వేలే. 25 వేలు అసలులో తగ్గితే నెలకు 750 మిగులుతుంది. అయితే వడ్డీ బకాయి లేకుండా చూసుకుని, అసలుకే జమ అని ప్రోనోటు వెనక చెల్లు రాయించండి. అప్పిచ్చినాయన సంతోషంగానే రాయించుకుంటాడు, మీ వారి సంతకంతో ఆ నోటు మీద కోర్టుకెళ్లడానికి ఆయనకు ఇంకో మూడేళ్లు గడువు వస్తుంది మరి!

బ్యాంకు సంగతి వేరు. ఈ డబ్బు అక్కడ కట్టకండి, అలాగని మార్చి దాటేదాకా ఊరుకోవద్దు. గడువులోగా కడితే వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ పోవడమే కాదు, ఓవర్‌డ్యూ అయితే, అంటే గడువు దాటి బకాయి పడితే, కొత్త రుణం పుట్టదు. ఇప్పుడే పాస్‌బుక్కు, పంట నష్టం జాబితాలో మీ పేరున్న కాగితం తీసుకెళ్లి, రుణం రీషెడ్యూల్ చేయమని, అంటే కట్టే గడువు పొడిగించమని, రాతపూర్వకంగా అడిగి, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. రీషెడ్యూల్ అంటే మాఫీ కాదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కానీ ఊపిరి తీసుకునే టైం దొరుకుతుంది.

కౌలు పొలానికి రాకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటే: ఈ-పంటలో, అంటే ఏ పొలంలో ఎవరు ఏం వేశారో ప్రభుత్వం ఎక్కించే ఆన్‌లైన్ నమోదులో, సాగు చేసేది మీరని లేకపోవడం. ముందు ఎవరి పేరుందో రైతు సేవా కేంద్రంలో చూపించమనండి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే చెల్లుతుంది, దానికి భూమి యజమాని సంతకం కావాలి. చాలామందికి పని ఆగేది అక్కడే. పొలం మీ పేరున రాసుకుంటారేమోనన్న భయం ఆయనకు ఉంటుంది. ఆ పత్రం సాగు హక్కుకే తప్ప భూమి హక్కుకు కాదని వీఆర్వోతో చెప్పించండి, మీరు చెబితే నమ్మకపోవచ్చు. మినుము చల్లాక ఏడెకరాలూ మీ వారి పేరుతో ఈ-పంటలో ఎక్కించి, ఈ-కేవైసీ వేలిముద్ర పడేదాకా వదలకండి.