5 వాట్ల రేడియో కోసం చిట్టీ పాడాలా?

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. వయసు 44. కాపురం నల్లగొండలో. చేతికొచ్చే జీతం 68 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 19 వేలు, చిట్టీ 10 వేలు, సిప్ 5 వేలు, ఇంటి ఖర్చు 26 వేల దాకా. ఈ మధ్యే హ్యామ్ రేడియో (సొంత రేడియో సెట్టుతో దూరాలకు మాట్లాడుకునే హాబీ) పరీక్ష, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (మొదటి మెట్టు), పాసయ్యాను. లైసెన్స్ ఇంకా చేతికి రాలేదు. బ్యాగులో వేసుకొని గుట్టలెక్కేందుకు ఐకామ్ కంపెనీ ఐసీ-705 రేడియో సెట్టు కొనాలని ఉంది. బ్యాటరీ, యాంటెన్నా అన్నీ కలిపి 1,40,000 అవుతుందని లెక్కేసుకున్నాను. డల్లాస్‌లో ఉండే బామ్మర్ది వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. మాది 2 లక్షల చిట్టీ, 20 నెలలది, ఇప్పుడు 6వ నెల. కమిషన్ 5 శాతం. 40 వేలు తగ్గించి పాడితే నాకే వచ్చేట్టుంది. ఆ చిట్టీ వేసింది మాత్రం వచ్చే ఏడాది జూన్‌లో బిడ్డను ఇంటర్‌లో చేర్పించడానికి. పాడమంటారా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మేలంటారా? మా ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: సార్, చిట్టీ పాడకండి. రేడియో కొనుక్కోండి. ఆ రేడియో మాత్రం ఇప్పుడే వద్దు.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క చూద్దాం. 40 వేలు తగ్గించి పాడితే మీ చేతికొచ్చేది 1,60,000. ఆ 40 వేలలో 10 వేలు చిట్టీ నడిపేవాళ్ల కమిషన్. (2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటోంది, మీది 5 కాబట్టి నయమే.) మిగిలిన 30 వేలు 20 మందికి పంచితే తలా 1,500. అదే ఆఖరి నెల దాకా ఆగితే కమిషన్ పోను 1,90,000 అందుతుంది. అంటే డబ్బు 14 నెలలు ముందు తీసుకున్నందుకు 30 వేలు వదులుకుంటున్నారు. 1,60,000 మీద 14 నెలలకు 30 వేలంటే, మన దగ్గర చెప్పుకునే లెక్కలో నూటికి నెలకు రూపాయి ముప్పై నాలుగు పైసలు. ఏడాదికి 16 శాతం. సర్కారు జీతం ఉన్న మీకు బ్యాంకులో పర్సనల్ లోన్ అడిగినా ఇంతకంటే తక్కువ వడ్డీకే దొరకొచ్చు. దాన్ని తీసుకోమని చెప్పడం లేదు, ముందుగా పాడే చిట్టీ అప్పు కంటే చవక అనుకునే అలవాటు మన ఊళ్లల్లో ఉంది కాబట్టి చెబుతున్నా.

పాడాక జామీను కూడా అడుగుతారు. స్టాఫ్ రూంలో ఇద్దరు సార్ల దగ్గర సంతకాలు తీసుకోవాలి. పిల్ల పెళ్లికో ఇంటి స్లాబుకో అయితే అడగడానికి నోరు లేస్తుంది. రేడియోకు?

రేడియోకు 1,40,000 పోతే చేతిలో మిగిలేది 20 వేలు. జూన్‌లో కాలేజీవాళ్లు ఫీజు కట్టమన్న రోజున మళ్లీ అప్పే. అప్పుడు ఆ అప్పు వడ్డీ కూడా ఈ రేడియో ఖాతాలోనే రాసుకోవాలి.

ఇది నీతులు చెప్పే మాట కాదు. 11 ఏళ్ల కింద నేనూ చిట్టీ పాడి పెద్ద కెమెరా ఒకటి కొన్నా. రెండు లెన్సులు, ఒక బ్యాగు. మొదటి ఏడాది మూడు పెళ్లిళ్లకు మెడలో వేసుకొని తిరిగా. ఇప్పుడది బీరువా పై అరలో సిలికా జెల్ పొట్లాలతో పడుకుని ఉంది. దాని మీద పోయిన డబ్బు కంటే, ఆ చిట్టీ వాయిదాలు మిగతా నెలలన్నీ పూర్తిగా కట్టుకుంటూ పోయిన రోజులే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

మీ ప్రశ్నకు జవాబు రాసే ముందు విద్యుత్ శాఖలో పనిచేసే ఒక మిత్రుణ్ణి వెంటబెట్టుకొని పోయిన ఆదివారం పొద్దున పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లా. ఆయన ఎన్నో ఏళ్లుగా హ్యామ్. తన సెట్టు టిఫిన్ డబ్బా అంత ఉంది, తనే టంకం పెట్టి బిగించుకున్న కిట్. సగం నీళ్లున్న ప్లాస్టిక్ సీసాకు గాలం దారం కట్టి వేపకొమ్మ మీదుగా విసిరాడు. మూడోసారికి పడింది. దాంతో 20 మీటర్ల మామూలు వైరును పైకి లాగాడు. కింది కొస ఒక సబ్బు డబ్బాలోకి పోయింది. అందులో ఫెరైట్ రింగు మీద రాగితీగ చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్. అంతే యాంటెన్నా. బర్లు కాసే పిల్లగాడు వచ్చి, "అన్నా, ఇది ఏ టవర్ పట్టుకుంటది?" అన్నాడు. టవరే లేదని చెబితే మా ఇద్దరినీ ఎగాదిగా చూసి పోయాడు.

మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ పలకలేదు. ఒకటే గర్రుమనే చప్పుడు. తర్వాత బెంగళూరు నుంచి ఒకాయన అందుకున్నాడు. కాల్‌సైన్ (హ్యామ్ గుర్తింపు పేరు) మూడుసార్లు చెప్పించుకొని, "ఫైవ్ త్రీ" అని రిపోర్టు ఇచ్చాడు. మాట బాగానే అర్థమవుతోంది, సిగ్నల్ మాత్రం పలచగా ఉందని దానర్థం. నల్లగొండ నుంచి బెంగళూరుకు గాలి దారిన 500 కిలోమీటర్లకు కాస్త తక్కువ. పంపిన శక్తి 5 వాట్లు, ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బంత.

ఇక్కడే డబ్బు సంగతి తేలిపోతుంది. 100 వాట్ల నుంచి 5 వాట్లకు దిగితే తగ్గేది 13 డెసిబెల్స్. అవతలివాడి సెట్టులో సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద ఒక్కో గీత 6 డెసిబెల్స్ కాబట్టి, రెండు గీతల పైన కొద్దిగా. 100 వాట్లతో ఎస్-7 దగ్గర వినిపించేవాడు 5 వాట్లతో ఎస్-5కు కాస్త కింద వినిపిస్తాడు. ఫిజిక్స్ చెప్పే మీకు లాగరిథమ్ నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇంకో పక్క చూడండి. 1,40,000 పెట్టిన సెట్టు లోపలి బ్యాటరీ మీద ఇచ్చేదీ 5 వాట్లే, బయటి కరెంటు మీద 10. మా మిత్రుడి కిట్ ఇచ్చేదీ 5 వాట్లే. బెంగళూరాయన చెవికి ఏ డబ్బాలోంచి వచ్చిందో తెలియదు. వైరు ఎంత ఎత్తున ఉందో మాత్రం తెలుస్తుంది. వైరు ఖర్చు వందల్లో ఉంటుంది, డబ్బా ఖర్చు లక్షల్లోకి పోతుంది.

ఐసీ-705 బాగుండదని అనడం లేదు. 2020లో వచ్చిన సెట్టు, తెర మీద బ్యాండంతా (ఒక వరస తరంగాలన్నీ) జలపాతంలా కదులుతుంటే ఎవరికైనా మనసవుతుంది. నేను అడిగేది ఒక్కటే: మీరు నిజంగా గుట్టలెక్కుతారా? లతీఫ్ సాబ్ గుట్ట ఎండాకాలం పొద్దున 9 దాటితే కాళ్లు కాలుతుంది. అమ్రాబాద్ అడవుల్లోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతులు, పెట్రోలు, ఒక రోజు సెలవు. ఆ అలవాటు పడుతుందో లేదో లక్షన్నర పెట్టి తెలుసుకోవడం ఎందుకు? 25 వేలలో తెలుసుకోవచ్చు.

మన హైదరాబాద్‌లోనే ఆ దారి ఉంది. అశర్ ఫర్హాన్ అనే ఆయన 2003లో బిట్‌ఎక్స్ అనే సెట్టు డిజైన్‌ను అందరికీ ఊరికే ఇచ్చేశాడు. దాని నుంచే 2017 చివర్లో మైక్రో బిట్‌ఎక్స్ వచ్చింది, ప్రపంచమంతా తెప్పించుకున్నారు. ఈ మధ్య 2025లో చేతిలో పట్టేంత జెడ్-బిట్‌ఎక్స్ కూడా వచ్చింది, 5 వాట్లది. మీకిది ఎందుకు నయమంటే, బాగు చేసుకోవడం. కిట్ సెట్లలో ఎక్కువగా పోయేవి ఫైనల్ ట్రాన్సిస్టర్లు, అంటే యాంటెన్నాకు శక్తి పంపే ఆఖరి దశవి. చాలా కిట్లలో అవి కోఠి దుకాణాల్లో దొరికే మామూలు ముక్కలే, సర్క్యూట్ బొమ్మ మీ దగ్గరే ఉంటుంది, టంకం మీ బడి ల్యాబులోనే ఉంటుంది. బామ్మర్ది సూట్‌కేసులో వచ్చిన సెట్టు బోర్డు పోతే దాన్ని మళ్లీ ఏ సూట్‌కేసులో పంపుతారు? వారంటీ ఈ దేశంలో పనికొస్తుందో లేదో కొనకముందే అడగాలి.

ఒక జాగ్రత్త. విదేశీ కిట్లలో కొన్ని మోర్స్‌కు (చుక్కలు, గీతల సంకేతాలకు) మాత్రమే పనికొస్తాయి, చవగ్గా ఉన్నాయని ఎగబడొద్దు. పై మెట్టయిన జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల మోర్స్ పరీక్ష ఉంది, మీరు రాసింది అది కాదు. లైసెన్స్ వచ్చాక దాని మీద మీ గ్రేడుకు ఏ బ్యాండ్లు, ఏ మోడ్‌లు ఇచ్చారో చూసి, అవి పట్టే సెట్టే ఎంచుకోండి. ఇంకోటి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పేరుకు 12.8 వోల్టులే గానీ నిండుగా ఎక్కితే 14.6 దాకా పోతుంది. కొన్ని కిట్లు 9 వోల్టులకే కట్టినవి ఉంటాయి. మొదటి రోజే పొగ వస్తే ఆదా అంతా అక్కడే ఆవిరి. 6 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలు. వినేటప్పుడు అర ఆంపియర్ లోపు, మాట్లాడేటప్పుడు 2 దాకా లాగే సెట్టయినా, నాలుగో వంతు సేపు మాట్లాడతారనుకుంటే 7 గంటలు వస్తుంది. అంతసేపు గుట్ట మీద కూర్చుంటే ముందు మీ నీళ్ల సీసా ఖాళీ అవుతుంది.

లైసెన్స్ కాగితం మీ పేరు మీద చేతికి రాకముందు మాత్రం ట్రాన్స్‌మిటర్ ఏదీ కొనకండి, తెప్పించకండి. ఇది సలహా కాదు, చట్టం. విమానాశ్రయంలో లగేజీలో పట్టుకుంటే ఆపేది మీ బామ్మర్దిని, అడిగేది మీ లైసెన్స్‌ను. డ్యూటీ ఫ్రీ పరిమితి దాటిన విలువ మీద సుంకం కూడా పడుతుంది. మీ 1,40,000 లెక్కలో అది ఉందా? కొరియర్‌లో తెప్పించినా కస్టమ్స్ సుంకం, దాని పైన ఐజీఎస్టీ తప్పవు. దరఖాస్తు సంగతుల్లో అనుమానాలుంటే సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగండి, 1983 నుంచి ఈ పనిలోనే ఉన్నారు.

ఆలస్యమైతే నష్టం లేదా అంటే, కొంచెం ఉంది. సూర్యుడి మీద మచ్చలు పెరిగే 11 ఏళ్ల చక్రం 2024లో తారస్థాయికి చేరింది, ఇక దిగుతుంది. తక్కువ వాట్లతో ఖండాలు దాటే 10 మీటర్ల బ్యాండు ఏడాదికేడాది నీరసిస్తుంది. 40, 20 మీటర్ల బ్యాండ్లు మిగులుతాయి. కింద నేను చెప్పబోయే ఎనిమిది నెలలు ఆగితే పోయేది పెద్దగా లేదు.

క్రెడిట్ కార్డు ఈఎంఐ గురించి రెండు మాటలు. నో-కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, బ్యాంకు చూపించే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, రొక్కమిస్తే దొరికే తగ్గింపు పోతుంది. పైగా మీ జీతంలో ఖర్చులన్నీ పోను నెలకు 8 వేలే మిగులుతున్నాయి. 12 నెలల ఈఎంఐ దాదాపు 12 వేలు. కుదరదు.

కుదిరేది ఇది. నెలకు 3 వేల ఆర్డీ ఒకటి తెరవండి, మీ పేరు మీద, రేడియోకని చెప్పి. 8 నెలలకు వడ్డీతో 24,500 దరిదాపుకు వస్తుంది. ఈలోగా లైసెన్స్ వస్తుంది. సెట్టు, బ్యాటరీ, ఛార్జరు, వైరు, సబ్బు డబ్బాతో సహా ఆ డబ్బులోనే కావాలి, దాటితే ఇంకో నెల ఆగాలి. మిగిలే 8 వేలలో తక్కిన 5 వేలు ముట్టుకోకండి. మీరు ఉత్తరంలో అత్యవసర నిధి మాట ఎక్కడా ఎత్తలేదు, అందుకే నాకు అనుమానం. కొన్నాక ఏడాదిపాటు లాగ్‌బుక్ రాయండి. ఇంటి మేడ మీద నుంచి మాట్లాడినవి ఒక రంగు సిరాతో, బయటికి మోసుకెళ్లి మాట్లాడినవి ఇంకో రంగుతో. రెండో రంగు 30 దాటితే నాకు మళ్లీ రాయండి, అప్పుడు పెద్ద సెట్టు లెక్క కూర్చొని చేద్దాం. చిట్టీకి, బిడ్డ ఫీజుకు సంబంధం లేని డబ్బుతో.

ఇక మీ ఆవిడ సంగతి. డల్లాస్‌లో తమ్ముడికి తెలిసిన విషయం నల్లగొండలో అక్కకు తెలియకుండా ఎన్నాళ్లు ఉంటుందని మీ అంచనా? ఈ వారం వీడియో కాల్ రాకముందే చెప్పేయండి. 1,40,000 అని మొదలుపెట్టి 25 వేలకు దిగండి, అట్లా చెబితే మా ఇంట్లో కూడా కొన్నిసార్లు పనిచేసింది.

ఈ నెల చిట్టీ పాటకు వెళ్లండి, వెళ్లి ఊరికే కూర్చోండి. ఇంకెవరో 40 వేలకు పాడుకుంటే మీ వాయిదా 8,500 అవుతుంది. ఆ మిగిలిన 1,500 ఇంటికి తేకుండా దారిలోనే ఆర్డీలో వేసేయండి. ఈ నెల 3 వేలలో సగం అక్కడే వచ్చేసినట్టు. పోనుపోను పాట తగ్గి ఆ 1,500 కాస్తా వెయ్యికి, ఆరు వందలకు దిగుతుంది. దానికి తగ్గట్టు మిగతాది జీతంలోంచి కలుపుకోండి.