లోతు సముద్రంలో దొరికిన పురుగు కొత్త జాతిదని ఎలా తేలుస్తారు? పేరు పెట్టడానికి అన్నేళ్లు ఎందుకు?

మీరు మూడు విషయాలు అడిగారు. అయిదు కిలోమీటర్ల లోతు నుంచి తెచ్చిన బురదలో కనిపించిన పురుగో, చిన్న క్రస్టేషియనో (రొయ్యలు, పీతల వర్గపు జీవి) కొత్త జాతికి చెందినదని ఎలా తేలుస్తారన్నది మొదటిది. దొరికిన నాటి నుంచి పేరు పెట్టేదాకా ఏళ్లకు ఏళ్లు ఎందుకు పడుతుందన్నది రెండోది. జువాలజీలో ఎమ్మెస్సీ చేసినవారు ఈ పనిలోకి రావచ్చా అన్నది మూడోది. నేను విశాఖపట్నంలో జువాలజీ చదువుకుని, ఆ తరువాత సముద్రపు అడుగు నుంచి తీసిన నమూనాలను వేరుచేసి వర్ణించే పనిలోనే ఎక్కువ కాలం గడిపాను కనుక, చూసినంతవరకు, చేసినంతవరకు చెబుతాను.

పత్రికల్లో ‘కొత్త జాతి దొరికింది’ అన్న వార్త చదివితే, ఓడ మీద ఎవరో చూడగానే గుర్తుపట్టి ఉంటారనిపిస్తుంది. నిజానికి ఓడ మీద జరిగేది సేకరణ మాత్రమే. ఒక జంతువు వేరుగా కనిపిస్తోందని చెప్పడానికి అనుభవం ఉన్నవారికి ఒక పూట చాలు. ఇప్పటివరకు ప్రపంచంలో పేరు పెట్టిన జాతుల్లో అది ఏదీ కాదని సాక్ష్యంతో చూపడానికే ఏళ్లు పడతాయి. మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

సేకరణ గురించి క్లుప్తంగా చెబుతాను. బాక్స్ కోరర్ అనే ఉక్కు పెట్టెను తీగ మీద దించితే అది అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల బురద ముక్కను కోసుకుని పైకి వస్తుంది. అయిదు వేల మీటర్ల లోతుకైతే దిగడానికీ ఎక్కడానికీ కలిపి మూడు గంటలకు పైగా పడుతుంది. అడుగున నీరు ఒకటి రెండు డిగ్రీల దగ్గర ఉంటే, ఉష్ణమండలంలో పైనీరు ఇరవై ఎనిమిది డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడికి జంతువుల మెత్తటి శరీరాలూ వాటి డీఎన్ఏ కూడా త్వరగా పాడైపోతాయి కనుక, పైపొర బురదను చల్లటి గదిలో, చల్లార్చిన సముద్రపు నీటితోనే జల్లెడ పట్టాలి. జల్లెడ కన్ను మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. దొరికిన జంతువును వీలైతే బతికి ఉండగానే ఫొటో తీసి ఆల్కహాల్‌లో వేస్తాం. జంతువులోని నీరు ఆల్కహాల్‌ను పలుచన చేస్తుంది కనుక మర్నాడు దాన్ని తప్పనిసరిగా మార్చాలి. అది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, తరువాత చేసే డీఎన్ఏ పరీక్షలు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక పురుగుల సంగతి. ఇంటర్మీడియట్‌లో నీరిస్ బొమ్మ గీసినవారందరికీ పాలీకీటా, అంటే ఒంటి పక్కల ముళ్లలాంటి శూకాలుండే పురుగుల వర్గం, తెలిసినదే. లోతు సముద్రపు బురదలో కంటికి కనిపించే చిన్న జీవుల్లో సాధారణంగా వీటిదే పెద్ద వాటా. అయితే పాఠ్యపుస్తకంలోని నీరిస్‌లా తల నుంచి తోక దాకా నిండుగా ఉన్నది దొరకడం అరుదు; జల్లెడలో చేరేవి ఎక్కువగా ముక్కలే. పాలీనాయిడే కుటుంబపు పురుగుల వీపు మీద పొలుసులు ఉంటాయి, అవి ముట్టుకుంటేనే రాలిపోతాయి. అప్పుడు పొలుసు ఊడిన చోట మిగిలిన చిన్న మొటిమను ఒక్కొక్క ఖండితం (ఒంటి మీది ఉంగరం లాంటి భాగం) మీద వెతికి, ఏ ఖండితానికి పొలుసు ఉండేదో, ఏ ఖండితానికి లేదో రాసుకోవాలి. స్పయోనిడే కుటుంబంలోనైతే పార్శ్వపాదాల (ఖండితాల పక్కనుండే కాళ్లలాంటి భాగాల) మీది కొక్కెపు శూకాలు ముఖ్యం. ఒక శూకాన్ని స్లైడు మీద గ్లిజరిన్‌లో పెట్టి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే, పెద్ద కోర పైన చిన్న పళ్లు కనిపిస్తాయి. అవి ఎన్ని, ఎన్ని వరుసల్లో ఉన్నాయి, ఆ కొక్కేలు ఎన్నో ఖండితం నుంచి మొదలవుతున్నాయి అన్న వాటి మీద జాతి నిర్ణయం నిలబడుతుంది. కొన్ని కుటుంబాల్లో పురుగును మిథైల్ గ్రీన్ రంగులో ముంచి కడిగితే, గ్రంథులున్న చోట మాత్రమే ఆకుపచ్చ పట్టీలు, మచ్చలు నిలుస్తాయి. ఆల్కహాల్‌లో తెల్లగా పాలిపోయి అంతా ఒకేలా కనిపించే రెండు పురుగులను ఆ మచ్చల అమరిక చక్కగా విడదీయడం నేను చాలాసార్లు చూశాను.

క్రస్టేషియన్లది వేరే రకం ఓపిక. యాంఫిపాడ్లు, ఐసోపాడ్లు, టనాయిడ్లు అనే క్రస్టేషియన్లు చాలావరకు కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి. మూడు మిల్లీమీటర్ల ఐసోపాడ్‌ను వర్ణించాలంటే రెండు జతల స్పర్శశృంగాలను, నోటి భాగాలను, ఏడు జతల కాళ్లను, ఉదర ఉపాంగాలను సన్నటి సూదులతో ఒక్కొక్కటిగా విడదీసి, స్లైడ్ల మీద పెట్టి, మైక్రోస్కోపుకు అమర్చిన కెమెరా లూసిడాతో (కింది వస్తువు రూపం కాగితం మీద పడినట్టు చూపే పరికరంతో) బొమ్మ గీయాలి. ప్రతి ముల్లునూ ప్రతి రోమాన్నీ ఉన్న చోటనే గీయాలి. ఫొటో ఉండగా బొమ్మ ఎందుకని కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. ఫొటోలో ఒక లోతే స్పష్టంగా వస్తుంది; గీసేటప్పుడు ఫోకస్ మారుస్తూ పైముల్లునూ కిందిముల్లునూ ఒకే బొమ్మలోకి తెస్తాం, పైగా గీయడానికి చూసినంత శ్రద్ధగా మనిషి మరి దేనికీ చూడడు. వీటిలో ఇంకొక చిక్కు ఉంది. టనాయిడ్లలో మగవి ఆడవాటికి ఏ పోలికా లేకుండా ఉండడం మామూలు, కొన్నింటి మగవాటికి నోటి భాగాలు కూడా క్షీణించి ఉంటాయి. అందువల్ల ఒకే జాతి ఆడ, మగ వేర్వేరు ప్రజాతుల (దగ్గరి జాతులను కలిపే పై వర్గాల) కింద నమోదైన సందర్భాలున్నాయి. వాటిని కలపడానికి డీఎన్ఏ ఎంతో మేలు చేసింది.

అలాగని డీఎన్ఏ ఒక్కటే తీర్పు చెప్పలేదు. జంతు జాతులను పోల్చడానికి వాడే, మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్కను చదివి ప్రపంచ డేటాబేసులో వెతుకుతాం. పురుగుల్లో ఆ ముక్క తరచు చేతికి రాదు, అప్పుడు 16ఎస్ జన్యువును ఆశ్రయించాలి. వెతికిన తరువాత ‘పోలిక దొరకలేదు’ అని వస్తే కొత్త జాతి అని సంబరపడకూడదు. నూరేళ్ల కిందట పేరు పెట్టిన జాతికి డీఎన్ఏ ఎవరూ తీసి ఉండకపోవచ్చు. మరోవైపు, ఒకటే అనుకున్నది పలు జాతులని డీఎన్ఏ చూపిన సందర్భాలూ ఉన్నాయి. యూరిథీనిస్ గ్రిల్లస్ అనే పెద్ద యాంఫిపాడ్ అన్ని మహాసముద్రాల్లోనూ ఉందని చాలాకాలం రాశారు. జన్యువులను, శరీర నిర్మాణాన్ని కలిపి చూశాక అది ఒక జాతుల గుంపు అని తేలింది. మరియానా అగాధంలో 6,000 మీటర్ల దిగువన దొరికిన ఆ ప్రజాతి జంతువు పేగులో ప్లాస్టిక్ పోగు కనిపించినందున 2020లో దానికి యూరిథీనిస్ ప్లాస్టికస్ అని పేరు పెట్టారు.

అందుచేత పాత రికార్డు దగ్గరకు వెళ్లక తప్పదు, ఎక్కువ కాలం పట్టేదీ అక్కడే. 1872 నుంచి 1876 వరకు తిరిగిన బ్రిటిష్ పరిశోధన ఓడ ఛాలెంజర్ తెచ్చిన పాలీకీట్ల మీద జంతుశాస్త్రవేత్త మెకింటాష్ నివేదిక 1885లో వచ్చింది. ఆ నమూనాలు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. బంగాళాఖాతంలో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద జంతుశాస్త్రవేత్త ఆల్కాక్ సేకరించినవి కోల్‌కతాకు చేరాయి. పాత వర్ణన రెండు మూడు వాక్యాలే ఉండి, బొమ్మలో మనకు కావలసిన శూకమే లేకపోతే, ఆ మొదటి నమూనాను అడిగి తెప్పించుకోవాలి, లేదా అక్కడికి వెళ్లి చూడాలి. మన దేశంలో ఇంకో సమస్య ఉంది. 1953లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫావెల్ భారతీయ పాలీకీట్ల మీద రాసిన గ్రంథం దశాబ్దాలపాటు మన ప్రయోగశాలలన్నింటికీ ఆధారమైంది, అందుకు ఆయనకు ఎంతైనా రుణపడి ఉన్నాం. కానీ ఐరోపా తీరాల్లో వర్ణించిన పేర్లు మన తీరాల జంతువులకూ అందులో విరివిగా వాడారు. అలాంటి పేర్లను మళ్లీ పరిశీలించిన చోటల్లా వేరే జాతులు బయటపడుతున్నాయి. నా దృష్టిలో మన విద్యార్థులకు కొత్త అగాధాలు వెతకడం ఎంత అవసరమో, పాత సీసాలు తెరిచి చూడడమూ అంతే అవసరం.

దొరికిన నాటి నుంచి వర్ణన అచ్చయ్యేదాకా అన్ని రకాల జీవుల మీద సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం లెక్క కట్టింది. దీనికి మినహాయింపులున్నాయి. మాంటెరీ తీరంలో సుమారు 2,900 మీటర్ల లోతున తిమింగలపు ఎముకల మీద 2002లో కనిపించిన ఓసెడాక్స్ పురుగులకు 2004లోనే పేర్లు వచ్చాయి. నోరూ పేగూ లేకుండా ఎముకలోకి వేళ్లు దించుకునే ఆడపురుగు, దాని గొట్టంలోనే బతికే సూక్ష్మమైన మగపురుగులు అన్నవి ఎవరూ ఊహించనివి కనుక, పోల్చవలసిన పాత పేర్లే లేవు. మామూలు బురద పురుగుకు ఆ వీలు ఉండదు.

పేరు పెట్టడం చివరి మెట్టు, అన్నింటిలోకి తేలికైనది. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం ఒక నమూనాను హోలోటైప్‌గా (ఆ పేరుకు శాశ్వత ఆధారంగా) ప్రకటించి, అది ఏ సంస్థలో భద్రమవుతుందో చెప్పి, మిగతా జాతుల నుంచి దాన్ని వేరుచేసే లక్షణాలతో ప్రచురించాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు ఉండాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. లోతు సముద్రపు అడుగున పరచుకుని ఉండే లోహపు ముద్దల మధ్య దొరికిన ఒక ఐసోపాడ్‌కు 2020లో మెటాలికా సంగీత బృందం పేరు మీద మాక్రోస్టైలిస్ మెటాలికోలా అని పెట్టారు. నలుగురి నోటా పడే పేరు వల్ల జంతువుకు మేలే జరుగుతుంది.

ఈ పని తొందరగా జరగాలని నేను కోరుకోవడానికి కారణం, తవ్వి తీయాలని చూస్తున్న ఆ లోహపు ముద్దలే. హవాయి, మెక్సికోల మధ్య ఉన్న క్లారియన్ క్లిపర్టన్ ప్రాంతంలో నమోదైన 5,500కు పైగా జంతు జాతుల్లో పేరున్నవి 440 లోపేనని 2023లో లెక్క తేల్చారు. హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర అలాంటి ముద్దల అన్వేషణకు మన దేశానికి 2002 నుంచి ఒప్పందం ఉంది. తవ్వకం వల్ల ఏ జాతి పోతుందో చెప్పాలంటే, అది మరెక్కడైనా ఉందో లేదో తెలియాలి. పేరు, వర్ణన లేనిదే ఒక ఓడ తెచ్చిన ‘రకం 12’, మరో ఓడ తెచ్చిన ‘రకం సి’ ఒకటేనా అని పోల్చలేం. యాంఫిపాడ్లూ ఐసోపాడ్లూ పిల్లలను సంచిలో మోస్తాయి, ఈదుకుంటూ దూరాలు పోయే డింభకాలు వాటికి లేవు. అలాంటివి చాలావరకు చిన్న పరిధిలోనే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

చివరి ప్రశ్నకు జవాబు: తప్పకుండా రావచ్చు. మన ప్రాంతంలో దీనికి మంచి పునాది ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి గారి బృందం 1960ల్లోనే వాల్తేరు ఇసుక రేణువుల మధ్య బతికే అతి చిన్న జంతువులను పరిశోధించింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి గారు భూగర్భ జలాల్లోని అతి చిన్న క్రస్టేషియన్లను వర్ణించి, 2002లో ఒకదానికి హాబ్రోబాతినెల్లా నాగార్జునై అని పేరు పెట్టారు. విడదీయడం, గీయడం, పోల్చడం అక్కడా ఇక్కడా ఒకటే, కాబట్టి ఓడ దొరికేదాకా ఆగనక్కరలేదు. మీకు దగ్గరలోని తీరంలో పిడికెడు ఇసుక తెచ్చి, అందులోని ఒకే కుటుంబాన్ని ఎంచుకుని, దాని మీద వచ్చిన వర్ణనలన్నీ సేకరించి, రోజూ కొంతసేపు బొమ్మలు గీయండి. తరువాత కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రానికో, గోవాలోని జాతీయ సముద్ర అధ్యయన సంస్థకో, దానికి విశాఖలో ఉన్న ప్రాంతీయ కేంద్రానికో దరఖాస్తు చేసేటప్పుడు ఆ బొమ్మలను వెంట తీసుకెళ్లండి. నేను ఎవరినైనా పనిలోకి తీసుకోవలసి వస్తే మార్కుల జాబితా కంటే ముందు వాటినే చూస్తాను.