లివర్‌లో కొవ్వు లెక్క... ఎంపీసీ అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాను. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ ఎంపీసీ ఫైనలియర్. మా బావమరిదికి ఫ్యాటీ లివర్ అంటే హైదరాబాద్‌లో ఎమ్మారై తీశారు. తోడు వెళ్లిన అమ్మాయి అక్కడ ‘స్పెక్ట్రోస్కోపీ’ అన్న మాట విని అదే చదువుతానంటోంది. రెండు లక్షలు కడితే ఏడాదిలో ఎమ్మారై టెక్నీషియన్ డిప్లొమా ఇప్పిస్తామని ఒకాయన అంటున్నాడు. చేర్చమంటారా?

జవాబు: ముందు ఆ రెండు లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి. స్కాన్ తీసే పని వేరు, మీ అమ్మాయి ముచ్చటపడ్డ పని వేరు.

మిల్లులో ఉన్నారు కాబట్టి మీకు ఇట్టే తెలుస్తుంది. బస్తాకు గుచ్చి నాలుగు గింజలు తీసి చూడటం ఒక పద్ధతి. తేమ మిషన్‌లో పోసి 17 శాతం దాటిందా అని చూడటం ఇంకోటి. లివర్‌కు సూది గుచ్చి ముక్క తీసే బయాప్సీ మొదటి రకం. ఆ ముక్క మొత్తం లివర్‌లో దాదాపు యాభై వేలో వంతే! స్పెక్ట్రోస్కోపీ రెండో రకం, గుచ్చకుండానే శాతం చెబుతుంది. పేషెంట్ కాసేపు ఊపిరి బిగబడతాడు. లివర్ కుడి భాగంలో పెద్ద రక్తనాళాలు తగలని చోట రెండు మూడు సెంటీమీటర్ల ఘనం ఎంచుకుని, అందులోని హైడ్రోజన్ సిగ్నల్ పట్టుకుంటారు. తెర మీద బొమ్మ కాదు, గ్రాఫ్ వస్తుంది. 4.7 పీపీఎం (గ్రాఫ్ అడుగు గీత మీది కొలత) దగ్గర నీటి శిఖరం, 1.3 దగ్గర కొవ్వుది. కొవ్వు శిఖరం కింది వైశాల్యాన్ని రెండు శిఖరాలవీ కలిపిన మొత్తంతో భాగిస్తే శాతం. సుమారు 5.5 దాటితే కొవ్వు పట్టినట్టే.

అమ్మాయిని ఒకటి అడగండి: కొవ్వు 8, నీరు 92 అయితే ఎంత? టక్కున చెబుతుంది. నీటి సిగ్నల్, కొవ్వు సిగ్నల్ ఒకే వేగంతో తగ్గవు కదా, మరి ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది అని అడగండి. అక్కడ ఆగి పెన్ను తీసిందంటే ఈ లైన్ ఆమెదే.

ఒక నిజం చెప్పాలి. మామూలు ఆస్పత్రిలో ఫ్యాటీ లివర్‌కు అల్ట్రాసౌండ్, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కానే ఎక్కువ. ఎమ్మారైలోనూ లివర్ మొత్తానికి కొవ్వు మ్యాప్ తీసే పద్ధతి వచ్చేసింది. స్పెక్ట్రోస్కోపీ ఎక్కువగా పరిశోధనకే. దాని పేరుతో ఉద్యోగ ప్రకటనలు చూసి చదవాలనుకుంటే నిరాశే.

దారి ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఐఐటీల్లాంటి చోట ఎమ్మెస్సీ సీట్లకు ఫిబ్రవరిలో జరిగే జామ్ పరీక్ష రాయించండి, తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కూడా రాయించండి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలో సీటొచ్చినా చిన్నచూపు వద్దు. తర్వాత నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎన్‌ఎంఆర్ (ఎమ్మారైకి, స్పెక్ట్రోస్కోపీకి మూలమైన విద్య) విభాగమే ఉంది, లక్నోలో బయోమెడికల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. మెడికల్ ఫిజిక్స్ పీజీ అని కూడా ఎవరో ఒకరు చెబుతారు, అది చాలావరకు క్యాన్సర్ రేడియేషన్ వైపు వెళ్లే చదువు. చేరేముందే తెలుసుకోండి.

ఈలోపు పైథాన్ అనే కంప్యూటర్ భాష, ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి పట్టు పట్టమనండి. సిగ్నల్ గ్రాఫ్‌గా మారేది ఆ గణితంతోనే.

మీరు రాయలేదు గానీ, పీహెచ్‌డీ అయ్యేసరికి 27, 28 ఏళ్లొస్తాయి. పెళ్లి మాట ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి, ఎమ్మెస్సీ మధ్యలో కాదు.