402 మీటర్ల పరుగుకు మూడు లక్షల అప్పు చెయ్యాలా?

ప్రశ్న: మాది బరంపురం. వయసు 32. నాన్నగారితో కలిసి పట్టుచీరల షాపు చూసుకుంటున్నాను. నెలకు 90 వేలు తీసుకుంటాను. ఇంటి ఖర్చు 45 వేలు, కారు ఈఎంఐ 17,500 (ఇంకా 26 నెలలు), సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే పొదుపు) 10 వేలు. ఎఫ్‌డీలో 3 లక్షలున్నాయి. పాపకు మూడేళ్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఉంది, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. వచ్చే ఏడాది చెన్నై దగ్గర డ్రాగ్ రేసులో (402 మీటర్ల తిన్నని దారిలో ఎవరు ముందు చేరతారనే పోటీ) మొదటిసారి దిగాలని ఆశ. రీమ్యాప్ (ఇంజిన్ శక్తి పెంచేలా దాని కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), ఎగ్జాస్ట్, టైర్లు, సస్పెన్షన్ అన్నీ కలిపి 3 లక్షలవుతుందని గ్యారేజీవాళ్లు చెప్పారు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, మా ఆవిడ నగలు కుదువ పెట్టాలా, ఎఫ్‌డీ తీసెయ్యాలా?

జవాబు: మూడూ వద్దు. అలాగని రేసు మానుకోమనీ చెప్పను. కష్టపడి షాపు నడిపే మనిషికి ఒక సరదా ఉండటం మంచిదే. దాన్ని అప్పు లేకుండా తీర్చుకునే దారి మీకు ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లోన్ సంగతి. 3 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 10,250 కట్టాలి. మొత్తం మీద వడ్డీయే 69 వేలు దాటుతుంది. ఇప్పుడు అన్నీ పోను మీ చేతిలో 17,500 మిగులుతోంది. అందులోంచి ఇది పోతే మిగిలేది ఏడు వేల చిల్లర. పెళ్లిళ్ల సీజన్ ఒక్కటి డల్‌గా నడిస్తే చాలు, సిప్ ఆగిపోతుంది. నగల మీద అయితే వడ్డీ కాస్త తగ్గవచ్చు గానీ, ఆదాయం తెచ్చిపెట్టని పనికి ఇంటి బంగారం బయటికి వెళ్లడం నాకు ఏమాత్రం నచ్చదు. ఎఫ్‌డీ అసలు మిగులు డబ్బే కాదు. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 62,500. ఆరు నెలలకు 3,75,000 కావాలి. అంటే మీ అత్యవసర నిధిలో ఇంకా 75 వేలు తక్కువే ఉంది.

ఇక అందరూ వదిలేసే విషయం, బీమా. మీ కారు పాలసీ కాగితాలు తీసి, వాహనాన్ని ఏ పనులకు వాడకూడదో రాసిన భాగం చదవండి. అద్దెకు తిప్పడం, సరుకు మొయ్యడంతో పాటు నిర్వాహకులు జరిపే రేసులు, స్పీడ్ పరీక్షలు కూడా అక్కడ ఉంటాయి. కాబట్టి స్ట్రిప్ (రేసు జరిగే తిన్నని దారి) మీద గోడకు తగిలినా, గేర్‌బాక్స్ పోయినా కంపెనీ నుంచి రూపాయి రాదనుకుని లెక్క వేసుకోండి. ఆ పాలసీలోనే వచ్చే 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమానూ అక్కడ నమ్ముకోవద్దు. ఆరోగ్య బీమా తీరు వేరు. మోటార్ రేసింగ్‌లో వృత్తిగా పాల్గొనేవారికి తగిలిన దెబ్బల చికిత్స ఖర్చు ఇవ్వమని ఆ పాలసీల్లో సాధారణంగా రాసి ఉంటుంది. మీరు సరదాగా దిగుతున్నవారు కాబట్టి మీకు వర్తిస్తుందా లేదా అని ఇప్పుడే ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రేసు నిర్వాహకులను కూడా, పోటీదారులకు ఏ బీమా ఉంది, ఎంత వరకు ఉంది అని అడగండి. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా గురించి మీరేమీ రాయలేదు. లేకపోతే రేసు కన్నా ముందు అది తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో ప్రమాదకరమైన అలవాట్ల గురించి అడిగే చోట ఈ రేసు సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు, రేపు మీ పాప క్లెయిమ్ కోసం కోర్టు మెట్లు ఎక్కకూడదు.

గ్యారేజీవాళ్ల లిస్టు విషయానికొస్తే, మొదటి రేసుకు అవేవీ అక్కర్లేదని నా అభిప్రాయం. మీ కారుకు కంపెనీ ఇచ్చిందే 230 పీఎస్ పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). ఆ శక్తంతా ముందు చక్రాలకే వెళుతుంది. ఇంకా పెంచితే మొదటి గేర్‌లో చక్రాలు గిర్రున తిరగడం తప్ప కారు ముందుకు ఉరకదు. మొదటిసారి వెళ్లినవాళ్లు నేర్చుకునేది గీత దగ్గర కారును సరిగ్గా నిలబెట్టడం, పచ్చలైటు చూసి వదలడం, చక్రం జారకుండా యాక్సిలరేటర్ తొక్కడం. వీటికి ట్యూనింగ్‌తో పనిలేదు. పైగా కారును అసలు స్పెసిఫికేషన్ నుంచి మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

డబ్బు పెట్టాల్సింది కారు ఆరోగ్యం మీద. 58 వేలు తిరిగిందంటే 60 వేలకు డీఎస్‌జీ (మీ కారులోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ మార్చాల్సిన సమయం దగ్గరకొచ్చింది. రేసుకు ముందే మార్పించండి. పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి: ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే లెవల్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడే చూసి మూత బిగించేస్తే లెవల్ తప్పుతుంది. ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్‌లు, బ్రేక్ ఫ్లూయిడ్ కూడా ఒకేసారి కానివ్వండి. చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) 120 న్యూటన్ మీటర్లకు బిగించాలి. బ్యాటరీ కదలకూడదు, కింద ఎక్కడా చెమ్మ ఉండకూడదు, డిక్కీ ఖాళీ చెయ్యాలి. స్ట్రిప్ దగ్గర తనిఖీలో వీటినే చూస్తారు. మంచి హెల్మెట్ కొనండి, అందులో బేరం వద్దు. ఒక్కో పరుగుకీ మధ్య కారును చల్లారనివ్వండి. ఆగి ఉన్న కారును ఒక్కసారిగా ఉరికించే లాంచ్‌లు వరసగా చేస్తే క్లచ్ వేడెక్కిపోతుంది.

ఇప్పుడు లెక్క. నెలకు మిగిలే 17,500 ఏడాదికి 2,10,000. అందులో 75 వేలు అత్యవసర నిధికి పోనివ్వండి. మిగతా 1,35,000 మీ రేసు డబ్బు. సర్వీసుకు 30 వేలు, హెల్మెట్‌కు 12 వేలు, ఎంట్రీ ఫీజు, రేసు లైసెన్సుకు 10 వేలు తీసి పెట్టండి. బరంపురం నుంచి చెన్నై వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. పెట్రోలు, టోల్, గది అద్దె కలిపి 33 వేలనుకోండి. ఇవి నా అంచనాలు, అటూ ఇటూ అవుతాయి. మిగిలే 50 వేలు కారు అక్కడ ఆగిపోతే లారీ మీద ఎక్కించి తెచ్చుకోవడానికి. గేర్‌బాక్సే పోతే ఆ 50 వేలు చాలవు. అప్పుడు కారు నెలల తరబడి షెడ్డులో ఉంటుంది, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి, మీ ఆవిడ సరేనన్నాకే ఎంట్రీ ఫీజు కట్టండి.

ఈలోగా ప్రాక్టీస్ పేరుతో రాత్రిపూట గోపాల్‌పూర్ రోడ్డు మీదో, హైవే మీదో స్నేహితులతో పందెం వెయ్యకండి. సెక్షన్ 189 కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల జరిమానా, లేదా రెండూ. ఎదురుగా వచ్చే బండిలో ఉన్న మనిషికి మీ సరదాతో సంబంధం లేదు. ఈ మాటలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

కారు తీసుకెళ్లే ముందు ఒకసారి ఖాళీ చేతులతో వెళ్లి రండి. చెన్నై మెయిల్ బరంపురంలో ఆగుతుంది. చెన్నై దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టైలోని రేస్ ట్రాక్‌లో డ్రాగ్ మీట్ పెట్టినప్పుడు రెండు రోజులు చూసి, మీలాంటి కారు తెచ్చినవాళ్లను దేనికెంత ఖర్చయిందని అడగండి. మీరు దిగబోయేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసులను పర్యవేక్షించే సంఘం) అనుమతి ఉన్న పోటీయేనా అన్నదీ అక్కడే కనుక్కోండి.

మొదటి రేసు అయ్యాక కూడా ట్యూనింగ్ కావాలనే అనిపిస్తే, 26 నెలల తర్వాత ఈఎంఐ అయిపోతుంది. అప్పుడు నెలకు 35 వేలు మిగులుతాయి. తొమ్మిది నెలల్లో 3,15,000 మీ సొంత డబ్బే చేతిలో ఉంటుంది. చట్టం ఒప్పుకునే మార్పులేవో ముందు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని, బీమా కంపెనీకి తెలియజేసి, అప్పుడు గ్యారేజీకి వెళ్లండి.